మా ఆవిడ ఫ్రీ సాఫ్ట్‌వేర్ చదువు

ఉచితం అన్న మాట చెవిన పడితే చాలు, మా ఆవిడ మంచి నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటుంది. ఒకసారి ఎవరో ఊరికే ఇస్తున్నారని కుక్కల సబ్బు తెచ్చింది. మాకు కుక్క లేదు. అదే అంటే, "ఎప్పుడూ పెంచుకోమా ఏంటి?" అంది. చివరికి ఆ సబ్బుతో నా పని బట్టలకి అంటిన గ్రీజు వదిలించుకున్నాను. బాగానే వదిలింది, అది వేరే సంగతి.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఆవిడ ముందు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని టైపు పని చేస్తుంది. అద్దె ఒప్పందాలు, ఉద్యోగాల దరఖాస్తులు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఏదైనా సరే. సాయంత్రం నేను ఇంటికి చేరే వేళకి ప్రింటరు ఆపేసేది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని టీ తాగేవాళ్ళం. ఎవరు ఏ లిఫ్టులో ఇరుక్కుని ఏమని అరిచారో నేను చెప్పేవాణ్ణి. ఎవరు దరఖాస్తులో ఎంతెంత కోతలు కోశారో ఆవిడ చెప్పేది. పగలబడి నవ్వుకునేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో నాకు ప్రాణం ఆ కాసేపే.

అలాంటి నా బతుకులో ఒకరోజు కంప్యూటరు మొరాయించింది. ట్రయల్ గడువు అయిపోయింది, సాఫ్ట్‌వేర్ కొంటే తప్ప ఒక్క అక్షరం కూడా కొట్టనివ్వను అంటూ తెర మీద ఎర్రపట్టీ వచ్చింది. ధర చూసి మా ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. సరిగ్గా అప్పుడే రిపోర్టు కోసం వచ్చిన కాలేజీ పిల్ల ఒకతి, "మాకు ఫ్రీ కదా ఆంటీ! కాలేజీ ఈమెయిల్ కొడితే మొత్తం ఇచ్చేస్తారు" అని నవ్వుతూ చెప్పి పోయింది. ఆ పిల్ల ఏ ముహూర్తాన నోరు తెరిచిందో గానీ నా కొంప మునిగింది.

"ఏమండీ, నేను కాలేజీలో చేరతా" అంది ఆ పూటే.

"ఏ కాలేజీలో?"

"ఏదైతే ఏంటండీ? ఈమెయిల్ ఇస్తే చాలదూ!"

"ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయట కదే!"

"ఉన్నాయి. వాటిల్లో కొట్టింది అవతలి వాళ్ళు తెరిస్తే పేరాలన్నీ చెల్లాచెదురు. పనివ్వడానికి వచ్చినవాడు తిట్టిపోస్తాడు, మీరొచ్చి పడతారా?"

నేనెందుకు పడతాను!

వీధి చివర సాయంకాలపు కాలేజీ ఒకటుంది. ఫీజు నామమాత్రం. అన్ని కోర్సులూ నిండిపోయి, భూగర్భశాస్త్రంలో మాత్రం ఖాళీలున్నాయట. అంటే రాళ్ళ చదువు. సరేనని చేరిపోయింది.

నేను అడ్డు చెప్పకపోయినా, మా అక్క చెబుతుందనుకున్నాను. అక్క మా మేడ మీదే ఉంటుంది. ఇంట్లో చీపురు మార్చినా తనకి చెప్పి మార్చాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ సంగీతం నేర్చుకుంటానంటే, "ఈ వయసులో ఏం సరదాలే అమ్మాయ్!" అని ఆ మాట అక్కడే తుంచేసింది. అప్పటికి మా ఆవిడకి నిండా పాతికేళ్ళు లేవు. ఇప్పుడేమో యాభైకి దగ్గర పడింది. ఇక చూడు తమాషా అని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అక్క అంతా విని, "సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వస్తుందా? మరి ఇంకా నిలబడ్డావేం, వెళ్ళి చేరు!" అంది. పొదుపు అంటే మా అక్కకి అంత గౌరవం.

కాలేజీ వాళ్ళు ఈమెయిల్ ఇచ్చారు, ఫోటో అంటించిన కార్డూ ఇచ్చారు. ఆ కార్డు పంపితే సాఫ్ట్‌వేర్ కంపెనీ వెబ్‌సైటు, పుట్టిన సంవత్సరం మరొక్కసారి సరిచూసుకోమంది. మా ఆవిడ సరిచూసుకుని అదే కొట్టింది. అది మళ్ళీ సరిచూసుకోమంది. "ఏం, నా వయసువాళ్ళు చదువుకోకూడదా? నీకేం పోయేకాలం!" అని తెరతో పోట్లాడి, కార్డుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి కొత్త ఫోటో తీసి పంపింది. ఆ తిట్లకి జడిసిందో ఏమో, ఎర్రపట్టీ మాయమైంది.

"హమ్మయ్య, పనైపోయింది. ఇంక కాలేజీకి వెళ్ళక్కర్లేదుగా?" అన్నాను ఆశగా.

"హాజరు తగ్గితే పేరు కొట్టేస్తారటండీ. పేరు పోతే ఈమెయిల్ పోతుంది, ఈమెయిల్ పోతే..."

"ఎర్రపట్టీ వస్తుంది. తెలిసింది తల్లీ, తెలిసింది."

అలా నా సాయంత్రాలు గంగలో కలిశాయి. నేను ఇంట్లోకి వస్తుంటే ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని బయటికి పోయేది. వంట నా మెడకి చుట్టుకుంది. తెగిన తీగలు బాగుచేయగలను గానీ మాడిన కూర బాగుచేయడం నా వల్ల కాలేదు. టీకి తోడు మా అక్క దిగొచ్చేది. తన మోకాలి నొప్పి ఏ మెట్టు మీద మొదలై ఏ మెట్టు మీద తగ్గిందో చెప్పేది. నేను లిఫ్టు కబురు ఎత్తితే, "మన మేడకి ఒకటి పెట్టరా ముందు" అనేది.

పైగా ఇల్లంతా రాళ్ళు! ప్రింటరు మీద రాళ్ళు, సబ్బుపెట్టెలో రాళ్ళు. చీకట్లో మంచం దిగితే కాలికి రాయి. "అది సున్నపురాయి, తన్నకండి" అనేది, నా బొటనవేలి సంగతి ఎవడికి కావాలి! ఒకరోజు అద్దె ఒప్పందం కోసం వచ్చిన పెద్దమనిషి ముందే ఒక రాయి తీసి నాలిక్కి ఆనించి చూసింది. తడిస్తే రాతిలోని రేణువులు బాగా కనబడతాయట, కొన్ని రకాలైతే నాలిక్కి అతుక్కుంటాయట. ఆయన ఒప్పందం చదవకుండానే సంతకం పెట్టి పారిపోయాడు.

పరీక్షలొచ్చాయి. పుస్తకం చేత్తో పట్టుకుని గది ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ గొణుక్కునేది. కళ్ళ కింద నలుపు వచ్చింది. పాపం, ముష్టి సాఫ్ట్‌వేర్ కోసం ఈ వయసులో ఇంత అవస్థ పడుతోందే అని జాలేసింది. నా టీ సంగతి కూడా గుర్తొచ్చిందనుకోండి, లేదని అబద్ధమెందుకు? ఎవరికీ చెప్పకుండా సెలవు రోజుల్లో కూడా పనికి పోయి, కంప్యూటర్ల షాపులో అసలు ధర పెట్టి ఆ సాఫ్ట్‌వేర్ కొనేశాను. విప్పితే అంత పెట్టెలో ఒక్క కార్డు ఉంది, దాని మీద గీకి చూసుకోవాల్సిన నంబరు ఉంది. అంతే! నేను లిఫ్టు బిగిస్తే కనీసం తలుపులైనా ఉంటాయి.

ఆ సాయంత్రం ఆవిడ సంచి తగిలించుకుంటుంటే, అక్క కూడా ఉండగా, పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. "ఇక జన్మలో ఎర్రపట్టీ రాదు. కాలేజీ గీలేజీ బంద్!"

"ఇన్నాళ్ళకి ఒక్క మంచి పని చేశావురా! అమ్మాయ్, ఇక హాయిగా ఇంటి పట్టున ఉండొచ్చు" అంది అక్క. ఎంత పెట్టి కొన్నానో పెట్టె మీద చూడాలని కళ్ళజోడు కోసం మేడ మీదికి వెళ్ళింది.

మా ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. సంచి భుజం మీంచి మెల్లగా దింపి కుర్చీలో పెట్టింది.

"ఎందుకు కొన్నారండీ?"

"నువ్వు కష్టపడుతున్నావనే కదే!"

"కష్టపడుతున్నానని మీకెవరు చెప్పారు? రేపట్నుంచి ఏమని చెప్పి వెళ్ళనండీ? రాళ్ళంటే ఇష్టమని చెప్పనా? వదిన నవ్వదూ? వీధంతా నవ్వదూ?"

ఇన్నాళ్ళూ నా టీ పోయిందని ఏడ్చానే తప్ప, ఆవిడ మొహం ఒక్కసారి సరిగ్గా చూసిన పాపాన పోలేదు. నామీద నాకే అసహ్యమేసింది.

మెట్ల మీద అక్క అడుగులు వినిపించాయి. ఏం చెయ్యాలో తోచక పెట్టెలోంచి కార్డు లాగి, వెనకవైపు అచ్చయిన సన్నక్షరాలు చదువుతున్నట్టు మొహం పెట్టాను.

"అరెరె! ఇది మన కంప్యూటర్‌కి పనికిరాదే! కొత్త రకం వాటికేనట. ఛ, మోసపోయాను!"

అక్క నా పక్కకొచ్చి కార్డు వైపు చూసింది. నా వైపు చూసింది. ఆపైన మొదలెట్టింది చూడండి తిట్ల వాన! దద్దమ్మా అంది, చేతిలో డబ్బు నిలవదంది, చిన్నప్పుడూ ఇంతేనంది. తల వంచుకుని అన్నీ పడ్డాను. మధ్యలో మా ఆవిడ వైపు తిరిగి, "నువ్వేంటే గుడ్లప్పగించి చూస్తావు? క్లాసు టైమైపోలా? నడు!" అని కసిరింది.

మా ఆవిడ సంచి అందుకుంది. గేటు దాకా వెనకే వెళ్ళాను.

"ఏమండీ" అంది గొళ్ళెం తీస్తూ, "ఆ కార్డు తలకిందులుగా పట్టుకుని చదివారు."

ఇంటి వైపు తిరిగి చూశాను. "అక్క చూసిందంటావా?"

"కళ్ళజోడు పెట్టుకుని మీ పక్కనే నిలబడిందిగా" అంటూ క్లాసుకి పరిగెత్తింది.