ఎర్ర తివాచీకి రంగు పూయనన్నాను

మొన్న ఫుజైరాలో మా అబ్బాయి ఇంట్లో, కోడలు ఫోన్‌లో చూసి తెప్పించిన తివాచీ హాల్లో పరిచి, ఎలా ఉందత్తయ్యా అని అడిగింది. కొత్తది, మిషను మీద నేసింది, అయినా మధ్యలో అరిగినట్టు, అంచుల్లో వెలిసినట్టు ముందే అచ్చు వేసి పంపారు. బాగుందమ్మా అన్నాను గాని ఒళ్లు మండిపోయింది. అరగదీయడం కాళ్లు చేయాల్సిన పని, కార్ఖానాది కాదు. దుబాయ్‌లో ఏళ్ల తరబడి కాపురం చేసిన నా ఈడువాళ్లకు ఈ మంట అర్థమవుతుంది.

లాక్‌డౌన్ సడలిన ఏడాది, యాభై దాటిన వయసులో, మా ఇంటి తివాచీ అంచు బాగుచేయించడానికి దుబాయ్‌లోని నైఫ్ బజారు సందులో ఓ చిన్న కొట్టుకు వెళ్లాను. ఉత్తర ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన తుర్క్‌మెన్ తెగ పెద్దాయన ఒకరు మోకాళ్ల మీద తివాచీ పరుచుకుని ముడులు కడుతున్నారు. నరసాపురంలో అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లిన చేతులు నావి, ఊరుకుంటాయా? నేర్పమని అడిగేశాను. నైఫ్‌లో కింద కూర్చుని పనిచేస్తే నలుగురూ ఏమనుకుంటారని మా ఆయన గొణిగారు.

"లాక్‌డౌన్‌లో మనం తిన్నామో లేదో ఆ నలుగురూ అడిగారేంటండీ?" అన్నాను. మర్నాటి నుంచే కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టాను.

అందరిలాగే నేనూ ఆ పెద్దాయన్ని ఉస్తాద్ అనేదాన్ని. లేసు అలవాటుకొద్దీ ముడులు బిగించి కడితే నా మొదటి అతుకు బూరెలా ఉబ్బింది. ఉస్తాద్ నవ్వకుండా అంతా విప్పి, మళ్లీ కట్టమన్నారు. కొన్ని తివాచీల్లో ఎరుపు సగంలో ఉన్నట్టుండి మారిపోతుంది. అది లోపం కాదనీ, నేస్తున్న ఆడవాళ్ల గుంపు గొర్రెల మేత కోసం మరో చోటికి తరలి, అక్కడ మళ్లీ రంగు కాచుకున్న గుర్తనీ హిందీలో చెప్పేవారు. అల్లం చాయ్ తాగుతూ అవి వింటుంటే నా వయసు నాకు గుర్తుండేది కాదు.

ఒకనాడు చాలా పాత తుర్క్‌మెన్ తివాచీకి బేరం వచ్చింది. దాని నడుమ ఉన్ని అరిగి లోపలి తెల్ల పోగులు బయటపడ్డాయి. ముడులు కడితే వారాలు పడతాయి, కొనే ఆవిడేమో సాయంత్రమే వస్తోంది. కొట్టు యజమాని ఎర్ర స్కెచ్ పెన్నులు తెచ్చి మా ముందు పడేసి, తెలుపు కనబడకుండా పూసేయమన్నాడు. ఉస్తాద్ తల వంచుకున్నారు. ఆ యజమానే ఆయనకు కఫీల్, అంటే వీసాకు పూచీదారు, కాదంటే వీసా పోతుంది, దాని వెనకే ఆయన సంపాదన మీద బతికే కుటుంబమూ రోడ్డున పడుతుంది. నా వీసా మా ఆయన పేరున ఉంది. అంత పెద్ద తేడా మా మధ్య ఉందని అప్పుడే తట్టింది.

నేను పూయనన్నాను. అయితే ముసలాయన పూస్తాడన్నాడు యజమాని. పూయించుకోమన్నాను, ఆవిడ వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటాననీ, రాగానే తడిగుడ్డతో తుడిచి చూపిస్తాననీ చెప్పాను. యజమాని పెన్నులు ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఖలాస్. కల్ సే మత్ ఆనా," అన్నాడు, ఇక రేపట్నుంచి రావద్దని.

ఆవిడ వచ్చింది, అరిగిన చోటు చూసింది, కొనకుండా వెళ్లిపోయింది. చెప్పులేసుకుంటుంటే ఉస్తాద్ తల ఎత్తకుండానే, వినీ వినబడనట్టు అన్నారు.

"బేటీ, మేరీ తరఫ్ సే భీ తూనే బోల్ దియా."

ఆయన తరఫున కూడా నేనే చెప్పేశానట. ఇంటికి వచ్చేదారంతా ఏడ్చాను, పశ్చాత్తాపంతో మాత్రం కాదు.

తర్వాత ఆ కొట్టు మూతపడింది, ఉస్తాద్ తన దేశం వెళ్లిపోయారని విన్నాను. ఆ సందులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మొగుడి వీసా ఉందిగనక అంత ధైర్యం వచ్చిందని అనేవాళ్లుంటే అననీండి, నిజమే, ఒప్పుకుంటాను. ఉన్న ధైర్యాన్ని మరి దేనికి వాడాలి? మళ్లీ అడిగినా పూయననే అంటాను. అడిగేవాళ్లే లేరిప్పుడు.