జేర్ జబర్ పెట్టిన నాలుగు లైన్లు

మా అమ్మాయి పోయిందని గుడివాడ నుంచి ఫోను వచ్చేసరికి నేను బందరులో గుడ్డ మీద అచ్చు వేస్తున్నాను. మెట్ల మీంచి జారిపడిందన్నారు. జారిపడలేదు. మా అల్లుడు పచ్చడిబండతో తల పగలగొట్టాడు. కడసారి స్నానం చేయించింది నేనే. ఎన్ని నీళ్ళు పోసినా ఆ జుట్టులోంచి నెత్తురు వదల్లేదు.

నేను ఐదుతో బడి ఆపేశాను. చిన్నప్పుడు మసీదు దగ్గర అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాను. చదవగలను, అర్థం తెలీదు. మా అమ్మాయికి అర్థం కూడా తెలుసు. సముద్రాలు దాటి పరాయి దేశాల్లో బతికిన అరబ్బు కవులు ఆడవాళ్ళ గురించి ఎలా రాశారన్నది దాని పరిశోధన.

ఒకసారి మంచం మీద అరబ్బీ కాయితం కనబడితే కళ్ళకద్దుకుని, తెల్లగుడ్డలో చుట్టి, పై అరలో ఖురాను పక్కన పెట్టాను. అది రెండు రోజులు ఇల్లంతా వెతికింది. దొరికాక పడీపడీ నవ్వింది.

“అమ్మీ, అది ప్రియురాలి పెదాల మీద పద్యం!”

తోబా తోబా అని చెంపలేసుకున్నాను. అప్పటినుంచి నాకూ చదివి చెప్పేది.

“వీళ్ళకి తెల్లవాళ్ళ భావకవిత్వం గాలి సోకిందమ్మీ. ఆడదాన్ని వెన్నెలంటారు, అడవంటారు, వదిలొచ్చిన ఊరంటారు. బలవంతపు పెళ్ళిళ్ళని తిట్టారు, అది మంచిదే. కానీ నువ్వు ఒకే అచ్చుతో గుడ్డంతా పువ్వులేస్తావు చూడు, అట్లా అందరిదీ ఒకే ఆడది.”

“మరి ఆ పిల్ల ఏమంటుందే?”

“ఏమీ అనదు. చచ్చిపోతుంది. అప్పుడు కూర్చుని పొగుడుతారు.”

గుడివాడ కాపురానికెళ్ళాక కూడా ఆ పద్యాలు తెలుగులో నోటుబుక్కులో రాసుకునేది. అందులో ‘నా ప్రాణమా’ అన్న మాట చూసి, ఎవడికి రాశావని అల్లుడు బెల్టుతో బాదాడు. వాచిపోయిన కన్నుతో బస్సెక్కి నా దగ్గరికొచ్చింది. మర్నాడే వాడూ వచ్చాడు.

“చూడండత్తా, మీ అమ్మాయి ప్రేమలేఖలు!”

ఎప్పుడో చచ్చిపోయిన కవి రాసింది బాబూ అని చెప్పాల్సింది. నాకు తెలుసు. చెప్పలేదు. “తప్పయిందని చెప్పవే. ఆ పుస్తకం ఆయనకిచ్చెయ్” అన్నాను.

అది నావైపు చూసింది. “నీకు ఇది కూడా చదవడమే గానీ అర్థం కాలేదా అమ్మీ?”

వాడు నోటుబుక్కు చింపి రంగుల కాగు కింద మంటలో పడేశాడు. అది ఎగబడి వాడి మణికట్టు కొరికింది. వాడు దాని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. అంతా చూసి కూడా, సర్దుకోమని నేనే బస్సెక్కించాను. తొమ్మిదో రోజు ఆ ఫోను.

శవం దగ్గర చుట్టుపక్కల ఆడవాళ్ళు, “పువ్వులాంటి పిల్ల, నోరెత్తి ఎరగదు” అని ఏడ్చారు. కాదండీ. నోరెత్తింది. పచ్చిమిరపకాయ కొరుక్కుతినే పిల్ల, కోపమొస్తే చెప్పు విసిరే పిల్ల. దాని గోళ్ళలో వాడి చర్మం ఉందని పోస్టుమార్టం చేసిన డాక్టరమ్మ చెప్పింది. వెన్నెల అనకండి దాన్ని. కోర్టులో పిలిచినప్పుడు ఇదే చెబుతాను. ఆ రోజు నేనన్న మాట కూడా చెబుతాను.

నేను గుడ్డలో చుట్టిన ఆ కాయితం ఒక్కటే మిగిలింది. పద్యాలకి జేర్ జబర్ ఉండవు. అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పే ఆ గుర్తులు లేకపోతే నాకు నోరు తిరగదు. అందుకని నాకోసం పెన్సిలుతో నాలుగు లైన్లకి పెట్టింది. “మిగతావి మళ్ళీ వచ్చినప్పుడు పెడతాలే” అంది.

పనయ్యాక, రంగు వదలని వేళ్ళతో ఆ నాలుగు లైన్లూ పైకి చదువుతాను. ఐదో లైను దగ్గర అక్షరాలు ఉత్తగా ఉంటాయి. వేలు అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ మొదటి లైనుకి వస్తాను.