మిరపకాయల మీద వేసిన నింద

నా దగ్గులో ఏదో తేడా ఉందని మొదట కనిపెట్టింది మా గేదె. కారేపల్లి దగ్గర మా ఊళ్లో, మిరప కల్లం ఘాటుకు దేవుడైనా దగ్గాల్సిందే. ఆ రోజు నేను దగ్గితే మాత్రం గేదె పాల బకెట్ తన్నేసింది. ఆ మోతకు భద్రాచలం అడవిలో నెమళ్లు లేచాయని నా అంచనా.

"ఘాటుకే వస్తుందయ్యా. కాయలు అమ్మినంక అదే తగ్గుతది" అంది నా భార్య సరోజ.

కాయలు అమ్మాం. కల్లం ఊడ్చాం. వానలు పడ్డాయి. దగ్గు మాత్రం కిరాయి కట్టకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఓ పొద్దున కళ్లెలో నెత్తురు చార కనిపించింది. నాకు ఒక్క జోకూ తోచలేదు.

ఖమ్మం దవాఖానాలో ఎక్స్‌రే, సీటీ స్కాన్. హైదరాబాద్‌లో బయాప్సీ. లంగ్ క్యాన్సర్, ఆపరేషన్‌తో తీసేసే దశ దాటింది.

"సిగరెట్ తాగుతరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"బీడీ వాసనకే కళ్లు తిరుగుతయి మేడమ్ ఈయనకు" అంది సరోజ.

బయాప్సీ ముక్కను ఇంకో టెస్టుకు పంపారు. రిపోర్ట్ వచ్చాక డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది: "కణం పైన ఈజీఎఫ్ఆర్ అని రిసెప్టర్ ఉంటది. బయటి నుంచి కబురొస్తేనే 'పెరుగు' అని లోపలికి చెప్పాలె. మీ క్యాన్సర్ కణాలల్ల అది మారింది. కబురు రాకున్నా చెప్తనే ఉంది. స్విచ్ ఆపినా బోరు మోటరు నడిచినట్టు. మిరప ఘాటు తప్పేం లేదు."

"ఫ్యూజు పీకొచ్చా మేడమ్?"

"దానికి గోలీ ఉంది, రోజూ వేసుకోవాలె. ఎన్నాళ్లు పనిచేస్తదో మాత్రం ముందే చెప్పలేను."

గోలీతో దగ్గు తగ్గింది. ముఖం నిండా ఎర్రటి పొక్కులు లేచాయి. నన్ను కల్లంలో పరిచి ఉంటే బేరగాళ్లు మొదటి రకం ధర కట్టేవారు. నోట్లో పుండ్లు, విరేచనాలు. నీరసించి పడిపోతే డాక్టరమ్మ గోలీ కొన్నాళ్లు ఆపి, డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఆపిన రోజుల్లో, గొంతు సవరించుకున్నా నాకు మోటరు చప్పుడే వినిపించేది.

ఇప్పుడు స్కాన్‌లో గడ్డ బాగా చిన్నదైంది. పోలేదు. నోరు కారం ఓర్చుకోదు, ఒళ్లు ఎండ ఓర్చుకోదు. ఖమ్మం జిల్లాలో పుట్టి మూడు పూటలా పెరుగన్నం తినేవాణ్ని మ్యూజియంలో పెట్టాలి.

మళ్లీ కాయలు కోతకొచ్చాయి. సరోజ కూలీలతో కల్లానికి పోతుంది. జీవితమంతా తిట్టుకున్న ఘాటు కోసం నేను అరుగు మీద ముక్కు చాపుకొని కూర్చుంటాను. సాయంత్రం ఆమె కొంగులో కల్లమంతా ఇంటికొస్తుంది.

"దూరం జరుగు, ఘాటు తగుల్తది."

"జర ఉండవే."

నాకు తుమ్ము వస్తుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి వింటాం. దాని వెనకాల దగ్గు రాదు. అప్పుడు సరోజ నవ్వి, చీర మార్చుకోవడానికి లోపలికి పోతుంది.

మీ ఊళ్లో దగ్గుకు మిరప ఘాటో, బొగ్గు దుమ్మో ఏ సాకైనా ఉండొచ్చు. రెండు మూడు వారాలు దాటితే వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. ఘాటును తర్వాత తిట్టుకోవచ్చు. నా ముందు మాత్రం తిట్టకండి.