మస్తాన్ గారి కుడి అరచెయ్యి

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అయితే ఈ సంగతి చెప్పాలంటే, అప్పట్లో నేను దాచినది ముందు చెప్పాలి. మధ్య బేరింగు బోల్టులు వదులు చేసింది నేనే.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైసు మిల్లులో ఫోర్‌మేన్‌గా ఉండేవాణ్ణి. మిల్లంతటికీ ఒకటే పొడవాటి షాఫ్టు. స్టార్టు చేశాక ఒక వేగం దగ్గర అది వణికేది. అక్కడ ఆగనివ్వకుండా దాటిస్తే మళ్లీ నున్నగా తిరిగేది. ఆపరేటరు మస్తాన్ గారు రోజూ షాఫ్టును పట్టి ఉంచే మధ్య బేరింగు మీద కుడి అరచెయ్యి ఆనించి, వణుకు దాటిందని తెలిశాకే తీసేవారు.

ఆ సీజన్లో మధ్య బేరింగు వేడెక్కుతోంది. మిల్లు ఆపడం ఇష్టంలేక, రాపిడి తగ్గుతుందని బోల్టులు కాస్త వదులు చేశాను. ఆయనకు చెప్పలేదు. పట్టు తగ్గిన షాఫ్టు ఆ రోజు వణుకు దాటలేదు. వేగం పెరిగేకొద్దీ ఊగిపోయింది. షాఫ్టు మీది బెల్టు ఎగిరి ఆయన కుడి చేతిని లాక్కుపోయింది.

"చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లో చెప్పానండీ" అన్నాను యజమానితో. అందరూ నమ్మారు. అజాగ్రత్త మనిషన్న పేరుతో ఆయనకు ఇంకే మిల్లులోనూ కాపలా పని కూడా దొరకలేదు.

తర్వాత ఆ షాఫ్టును ముక్కలుగా కోసి పాత ఇనుము కింద అమ్మేశారు. నేనే దగ్గరుండి లారీ ఎక్కించాను.

మొన్న వేసవిలో ఆయనకు ఒంట్లో బాగోలేదని తెలిసి, కొల్లేరు అంచున ఆయన కూతురింటికి వెళ్లాను. మధ్యాహ్నం. కరెంటు లేదు. చేపల చెరువుల మోటార్లూ ఆగిపోయాయి. కూతురు టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నా గ్లాసు కాస్త అవతల పెట్టమ్మా. అక్కడ నా చెయ్యుంది" అన్నారాయన.

"మా నాన్నతో ఇదేనండీ. లేని చేతికి కూడా చోటివ్వాలి" అని నవ్వుతూ లోపలికి వెళ్లింది. గ్లాసు మాత్రం జరపలేదు.

ఆ గ్లాసులో టీ మీద సన్నటి వలయాలు లేచాయి. గ్లాసు మోగసాగింది. పక్కనే ఉన్న నా గ్లాసు కదల్లేదు. బల్ల మీద చెయ్యి ఆనించి చూశాను, అదురు లేదు. మోత పెరిగి పెరిగి, వణుకు వచ్చే వేగం దగ్గరే దాటకుండా నిలిచిపోయింది. అది ఆ షాఫ్టు మోతే. నేను పొరపాటు పడను.

"వణుకు దాటదండీ ఫోర్‌మేన్ గారూ" అన్నారు మస్తాన్ గారు. "ఆనాటి నుంచీ ఇంతే. ఎందుకంటారు?"

ఆ గ్లాసు ఎలా మోగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆయన అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబుంది. కూతుర్ని కూడా పిలిచాను. చేతులు జోడించబోయి, ఆయన ముందు రెండు చేతులూ ఎత్తడానికి సిగ్గేసి దించేశాను.

"బోల్టులు వదులు చేసింది నేనండీ. మీ తప్పేం లేదు. అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి, మస్తాన్ గారూ."