రెండు వందల ముప్పై నాలుగు తీర్లు

మిర్యాలగూడ దగ్గర పడుతుంటే బస్సు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంది. రైసు మిల్లుల వాసన. మిగతావాళ్లకు ఆకలి పుడుతుందేమో, నాకు మాత్రం ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మా జూనియర్ కాలేజీ మిల్లుల పక్కనే ఉండేది. ఆ వాసన వచ్చే వేళకే లింగయ్య సార్ లెక్కల క్లాసు మొదలయ్యేది, బోర్డు దగ్గరికి రమ్మని మొదట నన్నే పిలిచేవారు.

సార్‌కు రెండు అలవాట్లు ఉండేవి. బోర్డు నిండా రాశాక సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లి, ఆఖరి బెంచీలో కూర్చుని, తను రాసింది తనే చదువుకునేవారు. "నువ్వు రాసింది గాదు బిడ్డా, గీడికి చేరింది సూడాలె" అనేవారు. రెండోది, లెక్కను చివరిదాకా చేసేవారు కాదు. గుణకారం దగ్గర ఆపేసి, "గింత గూడ నేనే చేస్తే ఇగ నువ్వెందుకు?" అని మా వంక చూసేవారు. ఈ రెండో అలవాటే తర్వాత మా ఇద్దరి కొంప ముంచింది.

నేను సూర్యాపేటలో కంప్యూటర్ లెక్చరర్‌నయ్యాను. సార్ రిటైరై, వారానికి మూడు రోజులు బస్సెక్కి కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లి పాఠం చెప్పేవారు. ఆ మూడు రోజులే తనకు ప్రాణమనేవారు. నోటుబుక్కులకు చెద పడుతోందని ఒకసారి నా దగ్గరికి వస్తే, ఆయన కోసం సొంతంగా ఒక వికీ పెట్టాను. పిల్లలు ఫోన్లో తెరిచి చదువుకోవచ్చు, మనం ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. సూత్రానికి ముందొక డాలరు గుర్తు, వెనకొకటి పెడితే భిన్నాలూ వర్గమూలాలూ అచ్చు పుస్తకంలోలా కనిపిస్తాయని చూపించాను.

"గీ డాలర్లు లేకుంటే వర్గమూలం రాదా? ఇన్నేండ్లు వట్టి సుద్దతోటే తెచ్చిన గదమ్మా!" అన్నారు.

అయినా నేర్చుకున్నారు. నేను రాసిచ్చిన చిన్న చిన్న ప్రోగ్రాములతో జవాబులు సరిచూసుకోవడమూ మొదలుపెట్టారు. ఆయన టైపు చేసి పంపేవారు, నేను వికీలో అతికించేదాన్ని. మొదటి పది పేజీలు తెరిచి చూశాను. తర్వాత ధైర్యం వచ్చి చూడటం మానేశాను.

ఒకరోజు ఫోన్ చేశారు. "రాజేశ్వరీ, రెండు, మూడు, నాలుగు గుణిస్తే ఎంతమ్మా?"

"ఇరవై నాలుగు సార్."

"మరి కోదాడ పిల్లలు రెండు వందల ముప్పై నాలుగు రాసిండ్రు. ఇద్దరు ముగ్గురు గాదు, క్లాసుకు క్లాసే."

రెండు చొక్కాలు, మూడు ప్యాంట్లు, నాలుగు జతల చెప్పులు ఉన్నవాడు ఎన్ని తీర్లుగా తయారు కాగలడన్నది లెక్క. సార్ డాలర్లు పెట్టకుండా, ప్రోగ్రాముల్లోలా గుణకారానికి నక్షత్రం గుర్తుతో జవాబు 2*3*4 అని టైపు చేసి, అలవాటు ప్రకారం అక్కడ ఆపేశారు. మా వికీలో రెండు నక్షత్రాల మధ్య ఉన్నది వాలు అక్షరమైపోతుంది. నక్షత్రాలు మాయమై, మూడు కాస్త పక్కకు ఒరిగి, 234 మిగిలింది. పిల్లలు దాన్నే బట్టీ పట్టారు.

నేను పరుగున కోదాడ వెళ్లాను. "సారుగారికి వయసైపోయిందండీ. వచ్చే నెల నుంచి మానిపిద్దాం అనుకుంటున్నాం" అన్నారు ప్రిన్సిపాల్. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదని చెప్పి, పేజీ తెరిచి, ఆ లెక్కను, రాసింది రాసినట్టే చూపే కోడ్ పెట్టెలో పెట్టి చూపించాను. నక్షత్రాలు తిరిగొచ్చాయి. ప్రిన్సిపాల్ పొట్ట పట్టుకుని నవ్వారు. సార్ క్లాసు నిలబడింది.

సార్ మాత్రం నన్ను ఖాళీ క్లాసులోకి తీసుకుపోయి, ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చారు. "ఇగ సదువు. మొదటి నుంచి."

చదువుతూ పోతే ఒక పేజీలో ఇంతింత లావు అక్షరాలతో ఒక శీర్షిక కనబడింది: "ఈ కింది లైను నాకు సమజ్ గాలేదు. రాజేశ్వరిని అడగాలె." ప్రోగ్రాములో # పెట్టి రాసిన మాటను కంప్యూటర్ పట్టించుకోదు; తన గుర్తు కోసం సార్ అలా రాసుకున్న మాట అది. వికీలో ఆ గుర్తు పెడితే శీర్షికే. ఊరందరి ముందు సార్ పరువు తీశానని ఏడుపొచ్చింది. చెరపబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ. సారుకు గూడ సమజ్ గానియి ఉంటయని పిల్లలకు తెల్వాలె. గని జర ఆ లైనేందో చెప్పు."

"బస్సుకు టైమైంది సార్, మళ్లీ వచ్చినప్పుడు చెప్తాను" అన్నాను. మళ్లీ మళ్లీ అలాగే అన్నాను. సార్ పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు వికీలో ఏది పెట్టినా, లేచి వెళ్లి మా ల్యాబు ఆఖరి బెంచీలో కూర్చుని ఫోన్లో చదువుతాను. మొన్న అలా కూర్చుని ఆ పేజీ తెరిచాను. ఆ లైను రాసింది నేనే. గంటసేపు చూశాను, ఎందుకలా రాశానో నాకే తెలియలేదు. సార్ శీర్షిక కింద నేనూ # పెట్టి, అంతే లావు అక్షరాలతో ఒక మాట చేర్చాను: "నాకూ సమజ్ కాలేదు సార్."