ఓడ తలుపు మూసినంక

అల్వాల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సులో నా ఒళ్లో రెండు లావుపాటి పుస్తకాలున్నాయి. రెండూ ఆదికాండానికి పండితులు రాసిన వ్యాఖ్యానాలే. చర్చిలో బైబిల్ తరగతి చెప్పడానికి ఒకటి ఉంచుకుని, రెండోది షాపులో తిరిగి ఇచ్చేయాలి. ఏది ఉంచుకోవాలో తేలక పేజీలు తిప్పుతున్నాను.

పక్క సీటులోని పెద్దావిడ అట్ట మీది పేరు చూసింది.

"జలప్రళయం, నోవహు ఓడ గురించి ఉందా సార్ అండ్ల?"

ఉందన్నాను.

"దేవుడు తలుపు మూసినంక బయట ఉన్నోళ్ల గురించి ఏమన్న రాసిండ్రా, జెర చూడుండ్రి."

మొదటి పుస్తకంలో ఓడ కొలతలు, బబులోను కథలతో పోలికలు పేజీల కొద్దీ ఉన్నాయి. బయటివాళ్ల ఊసే లేదు. రెండోదాంట్లో, మునిగిపోతున్నవాళ్ల కేకలు ఓడ లోపలికి వినబడ్డాయా అని రచయిత అడిగి, మూలంలో దానికి జవాబు లేదని ఒప్పుకున్నాడు. ఆ ముక్క చదివి వినిపించాను.

"వినబడ్తయ్ సార్," అందావిడ. "మా కాలనీ మునిగిన రోజు మేం పై అంతస్తుల ఉన్నం."

ఆవిడ క్లాక్ టవర్ దగ్గర దిగిపోయింది.

రెండో పుస్తకమే ఉంచుకున్నాను. జవాబు లేదన్న వాక్యం పక్కన నేను పెన్సిల్‌తో రాసిన ఒక్క మాట ఉంది: వినబడ్తయ్.