మేడమ్ చేసింది దయ కాదు

మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే లెక్కల మేడమ్ పోయిన మంగళవారం కన్నుమూశారు. సాయంత్రానికల్లా టెక్సస్‌లోని మా ఇర్వింగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ‘సేవామూర్తి’ అని ఆవిడ ఫోటోతో పోస్టర్ వచ్చింది. చూసి నాకు ఒళ్ళు మండింది.

మేడమ్ వయసులో ఉండగా ఇథియోపియాలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పారు. తర్వాత ఇక్కడి కాలేజీలో పనిచేసి రిటైరయ్యారు. ఇథియోపియాలో తన దగ్గర చదువుకున్న ఒకావిడ కూతురు ఇక్కడికి మ్యాథ్స్‌లో ఎమ్మెస్ చేయడానికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే యూనివర్సిటీ ఫండింగ్ ఆపేసింది. ఆ సంగతి చెప్పిన మెయిల్‌లోనే ఆమె తెలివిని మెచ్చుకున్నారు కూడా.

“బ్రిలియంట్ అట. మరి అద్దె ఎవరు కడతారమ్మా?” అని మేడమ్ ఫోన్ నా చేతికిచ్చారు. మర్నాడే ఆ అమ్మాయిని తన ఇంటికి తెచ్చుకున్నారు.

ఫీజుకి సాయం అడగడానికి ఇక్కడి తెలుగు సంఘం ప్రెసిడెంట్‌నీ, మేడమ్‌నీ మా ఇంటికి భోజనానికి పిలిచాను.

“మన పిల్లలకే కష్టంగా ఉంది మేడమ్. ఆఫ్రికన్స్‌కి మనమెందుకు ఫండ్ చేయాలి?” అన్నాడాయన.

“మా చెల్లెళ్ళిద్దరూ ఎమ్మెస్సీ చదివింది ఆ దేశం నాకిచ్చిన జీతంతో. మన ఆడపిల్లల చదువుకి వాళ్ళ డబ్బు పనికొచ్చింది కదండీ” అన్నారు మేడమ్.

ఆయన పెరుగు వడ్డించుకున్నాడు.

ఇక ఆ అమ్మాయి ఫీజు కోసం మేడమ్ శని, ఆదివారాలు ట్యూషన్లు మొదలుపెట్టారు. మోకాళ్ళు సలుపుతున్నా నిలబడే చెప్పేవారు. తను కూర్చుంటే లెక్క కూడా కూర్చుంటుందనేవారు. ట్యూషన్ డబ్బు ఎక్కడికి వెళ్తోందో తెలిసిన ఒక తల్లి, “ఎలాగూ దానం చేసేస్తున్నారుగా, మాకు కొంచెం డిస్కౌంట్ ఇవ్వండి ఆంటీ” అంది. మీది దయగల మనసని ఒకసారి నేనంటే నామీద విసుక్కున్నారు.

“దయ అనకు. ఆ పిల్లకి నాకంటే బాగా లెక్కలొచ్చు. దాని చదువు ఆపడం తప్పు. తప్పుని సరిచేస్తే దయ అంటారా?”

ఆ అమ్మాయి ఎమ్మెస్ పూర్తిచేసి పీహెచ్‌డీలో చేరింది.

అంత్యక్రియల రోజు ప్రెసిడెంట్ మైకు పట్టుకుని, ఆఫ్రికా ఆడపిల్లల చదువుకి మన కమ్యూనిటీ అండగా నిలిచిందన్నాడు. నేను లేచాను. “మనం నిలవలేదండీ. వద్దన్నాం” అన్నాను. మా ఆయన చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు. హాల్లో అందరూ నావైపు తిరిగారు.

ఆ అమ్మాయి మాత్రం తిరగలేదు. ముందు వరస కుర్చీల్లో ఆమెకి ఎవరూ చోటు ఉంచలేదు. మేడమ్ శవపేటిక పక్కనే నేలమీద కూర్చుని ఉంది. పల్చటి తెల్లని వస్త్రాన్ని, రంగు అంచు మెడ చుట్టూ వచ్చేలా కప్పుకుంది. వాళ్ళ వైపు సొంత మనిషి పోతే అలాగే కప్పుకుంటారట.